గాజు పేగుకు గట్క

ముప్పై రెండేళ్లు ఎర్ర మక్కలను నా కాంటా ఎక్కనివ్వలేదు. ఈ కథలో నా తప్పు అక్కడే మొదలవుతుంది కాబట్టి నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

నా పేరు పబ్బ కైలాసం. కోరుట్ల దగ్గర మక్కల, అంటే మొక్కజొన్నల, వ్యాపారం. గింజను చూడటానికి నాకు యంత్రం అక్కర్లేదు. పంటి కింద వేసుకుంటే వచ్చే చప్పుడును బట్టి తేమ ఎంతుందో చెబుతాను. బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి లోపల వేడి పుట్టిందో లేదో చెబుతాను. వ్యాపారంలోకి దిగిన మొదటి ఏడే మిల్లువాళ్లు ఒక మాట చెప్పారు. పసుపు గింజే కావాలి, అంతా ఒకే సైజు ఉండాలి. ఎర్ర మక్క కండె చిన్నది, గింజ రాయిలాంటిది, మూతి దగ్గర నల్లటి మచ్చ. లారీ పసుపు సరుకులో నాలుగు గుప్పిళ్లు ఎర్రది కనబడితే లారీ మొత్తం వెనక్కి వచ్చేది.

ఆ ఏడే రాయిగూడెం నుంచి ఓదవ్వ అనే ఆమె ఎడ్లబండి మీద రెండు బస్తాలు తెచ్చింది. అప్పటికి ఆమెకు యాభై ఉంటాయి. బస్తా మూతి విప్పి చూసి మళ్లీ కట్టేశాను.

"ఎర్రయి కొనను, తీస్కపో" అన్నాను.

"ఏం సేటు, నా మక్కలు నీ కాంటాకు బరువైతయా?" అంది.

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. కొనేవాడు లేని గింజను ఎవరు వేస్తారు? అయిదేళ్లలో చుట్టుపక్కల ఏడు ఊళ్లలో ఎర్ర మక్క కనబడకుండా పోయింది. ఆ గింజ రవ్వతో సంకటిలా వండే గట్క కూడా పోయింది. అందరం సన్నబియ్యం తిన్నాం, బాగుపడ్డాం అనుకున్నాం.

మా ఆవిడ అనసూయ పెద్దపేగు క్యాన్సర్‌తో పోయింది. అప్పుడు ఆమెకు ముప్పై తొమ్మిది. వాళ్ల అన్న నలభై నాలుగుకు పోయాడు, అదే జబ్బు. తొమ్మిదేళ్ల తరువాత నా బిడ్డ సుచరితకు కడుపులో గొట్టం వేసి చూసి, పేగు గోడ మీద చిన్నచిన్న కండ మొగ్గలు ఉన్నాయని చెప్పారు. ఇరవై మూడేళ్ల పిల్ల. మా లారీలను తూచే వేబ్రిడ్జి తనే చూసుకుంటుంది. కాంటా ముల్లు చెప్పినదానికి గింజంత ఎక్కువ రాయదు, గింజంత తక్కువ రాయదు.

హైదరాబాద్‌లో సర్జన్ సూటిగా చెప్పాడు. "ఇది రక్తంలో వచ్చింది. మొగ్గలు ఒకటొకటి తీసుకుంటూ పోతే లాభం లేదు, ఏదో ఒకటి తిరగబడి క్యాన్సర్ అవుతుంది. పెద్దపేగు మొత్తం తీసేయాలి. నాలుగు నెలలు దాటనివ్వకండి."

నాలుగు నెలలంటే నూట ఇరవై రోజులు. నా బుర్ర అలాగే పనిచేస్తుంది, ఏం చేయను.

ఆ సర్జనే మమ్మల్ని డాక్టర్ వినీల దగ్గరికి పంపాడు. ఆమెది ఆస్పత్రి కాదు, ప్రయోగశాల. నలభై ఏళ్ల మనిషి, మాట నెమ్మది. బల్ల మీద ఒక గాజు గొట్టం చూపించింది. జానెడు పొడవు, బొటనవేలంత లావు. లోపలి గోడకు గులాబీ రంగు పొర అంటుకుని ఉంది. ఆ పొర ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది.

"గొట్టం వేసినప్పుడు సుచరిత పేగులోంచి ఆవగింజంత ముక్క తీశాం కదా, దాన్నుంచి పెంచింది. ఇది తన పేగే అంకుల్" అంది వినీల. "కాకపోతే దీనికి తొందర ఎక్కువ. మనకు ఏడాదిలో జరిగేది దీనికి ఒక్క రోజులో జరుగుతుంది."

సుచరిత వంగి చూసింది. "ఆకలైనట్టున్నది దానికి" అంది.

"అవును, తిండి పెట్టాలి. ఏ తిండి పెడితే ఏమవుతుందో ముందే చూడటానికే ఇది."

మేం పది రోజులు హైదరాబాద్‌లోనే ఉన్నాం. మా ఇంట్లో రోజూ తినే అన్నం, పప్పు, కూర రసంలా చేసి ఆ గొట్టంలోకి పంపేవారు. ఆరో రోజున గులాబీ పొర మీద మొగ్గలు గుత్తులుగా లేచాయి. తొమ్మిదో రోజుకు వాటిలో ఒకటి నల్లబడి గోడలోకి దిగింది. ఇరవై మూడుకు తొమ్మిది కలిపాను. ముప్పై రెండు. నా బిడ్డ ముప్పై రెండో ఏడు నా కళ్ల ముందు గాజులో కుళ్లిపోయింది. సుచరిత ఆ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.

"మొగ్గలంటే పూలు పూస్తయా మేడం?" అని అడిగింది. ఎవరూ నవ్వలేదని తనే నవ్వింది.

వినీల రెండో గొట్టం పెంచింది. ఈసారి మొగ్గలు లేచే దాకా ఆగి, తరువాత రకరకాల తిండ్లు పెట్టి చూసింది. జొన్నలు, రాగులు, డబ్బాల్లో వచ్చే మక్క అటుకులు, నేను పంపిన పసుపు మక్కల రవ్వ. కొన్నిటికి మొగ్గలు పెరగడం కాస్త నెమ్మదించింది, ఏదీ వాటిని తగ్గించలేదు. అప్పుడు అడిగింది.

"అంకుల్, మీ వైపు పాత ముసలివాళ్లలో ఈ జబ్బు చాలా తక్కువని ఒక పాత లెక్క దొరికింది. వాళ్లు తిన్న మక్క వేరేనా?"

నేను వెంటనే రాయిగూడెం బయల్దేరాను. నాకు తెలుసు కాబట్టి.

*

రాయిగూడెంలో ఓదవ్వ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ఎనభై దాటినా ఇసుర్రాయి ముందు కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టింది.

"ఎవలూ, కైలాసం సేటా? తొవ్వ తప్పి వచ్చినవా?"

"నీ కోసమే వచ్చిన ఓదవ్వా. ఇంకా ఎర్ర మక్కలు వేస్తున్నవా?"

"ఏస్త. నేను తినెటందుకు ఏసుకుంట. నీ కాంటా కోసం కాదు."

బిడ్డ సంగతి చెప్పాను. ఆమె తిరగలి పిడి వదిలేసింది. ఒక్క మాట కూడా దెప్పలేదు. లోపలికి పోయి, పొయ్యి పక్కన ఉన్న నల్లటి కుండ మూత తీసి చూపించింది. పుల్లటి వాసన, పచ్చి కొమ్మ విరిచినట్టు ఇంకేదో వాసన.

"ఇది కలి. మా అత్త కాలం నుంచి ఈ కుండను బోర్లించలే. ఎర్ర మక్కలు రవ్వ ఇసిరి, పొట్టు పారెయ్యకుండ ఈ కలిల నానబెట్టాలె. తెల్లారి గట్క వండి, వేడిది తినొద్దు. చల్లారబెట్టి, ఇంకో నాడు సద్ది తినాలె. కుండకు దినాం గుప్పెడు కొత్త రవ్వ ఎయ్యాలె. లేకుంటే కలి చస్తది."

"పసుపు మక్కలు వేస్తే?"

"ఒకసారి ఏసి చూసిన. మూణ్ణాళ్లకు మురిగింది."

ఒక చెంబెడు కలి, ఒక గిన్నెడు సద్ది గట్క కట్టి ఇచ్చింది. ఆ మధ్యాహ్నం బస్సుకే హైదరాబాద్ చేరాను.

రెండో గాజు పేగులో అప్పటికి ముప్పై ఒక్క మొగ్గలు. వినీల గట్క పెట్టడం మొదలుపెట్టింది. రోజూ ఫోన్‌లో నాకు అంకె చెప్పేది. ముప్పై ఒకటి. ముప్పై. ఇరవై రెండు. పదకొండు. ఎనిమిదో రోజున, "అయిదు" అంది.

"గట్క చల్లారితే అందులోని పిండి గట్టిపడుతుంది అంకుల్, పైన అరగకుండా పెద్దపేగు దాకా వస్తుంది. అక్కడ దాన్ని తినేది ఒకటి ఉంది. ఎర్ర గింజ మూతి దగ్గర నల్ల మచ్చలో కాపురముండే సూక్ష్మజీవి. అది ఆ పిండిని తిని పుల్లటి ద్రవం విడుస్తోంది. మంచి కణానికి అదే తిండి, చెడ్డ కణానికి అదే చావు. మొగ్గ పెరగడానికి ఏళ్లు కావాలి, ఈ ద్రవం తగిలితే ఎండిపోవడానికి మనిషిలో కూడా నెలలు చాలు. ఇంకో పది రోజులు చూద్దాం. తరువాత సుచరితకు మొదలుపెడదాం. మిగిలిన మూడు నెలలకు సరిపడా గింజలు దొరుకుతాయా?"

ఆ ఏడు ఓదవ్వ చేను మీద అడవి పందులు పడ్డాయి, కొత్త పంట లేదు. ఆమె దగ్గరున్నవి పాత గింజలు ఒకటిన్నర బస్తా, అంతే. రోజుకు గట్కకు నూటయాభై గ్రాముల గింజ, తొంభై రోజులు. పధ్నాలుగు కిలోలు చాలు. కానీ సరుకు ఒక్కచోటే ఉందని తెలిసినప్పుడు వ్యాపారి చేసేది ఒకటే. మొత్తం ఎత్తుకొచ్చాను.

"కుండకు పిడికెడు ఉంచు సేటు" అంది ఓదవ్వ.

"దినాం నేనే పంపిస్త అవ్వా. నీ దగ్గర ఎలుకలున్నయి, తేమున్నది. నా గోదాంల భద్రంగ ఉంటయి."

ఆమె గుమ్మం దాకా వచ్చి నిలబడింది. "భద్రమేనా?" అని అడిగింది.

"ముప్పై రెండేండ్లల నా గోదాంల ఒక్క గింజకు పురుగు పట్టలే" అన్నాను. అది నిజం.

ముక్కపురుగు పట్టకుండా ప్రతి వ్యాపారీ చేసేదే నేనూ చేశాను. గింజలను గోదాంలో పలకల మీద పేర్చి, మధ్యలో మందు గోళీలు పెట్టి, మీద గాలి చొరని తాటిపత్రి పట్టా కప్పి, అంచులు ఇసుక బస్తాలతో మూసేశాను. గోళీల నుంచి గ్యాస్ వస్తుంది. ఏడు రోజులు విప్పకూడదు. గింజకేమీ కాదు, మొలక కూడా పోదు. లోపల ఊపిరి పీల్చేదేదీ మిగలదు. వేల బస్తాలకు చేసిన పని, చేతులు వాటంతటవే చేశాయి. నా బిడ్డ ప్రాణం కదా అని రెండు గోళీలు ఎక్కువ వేశాను.

విప్పేదాకా ఓదవ్వకు గుప్పెడు కూడా పంపలేకపోయాను. ఏడు రోజులే కదా అనుకున్నాను.

*

ఎనిమిదో రోజు తాటిపత్రి తీశాను. గింజలు మిలమిల మెరుస్తున్నాయి. కొన్ని తడిగుడ్డలో కట్టి మొలక చూశాను. నూటికి తొంభై ఆరు. సంతోషంగా సుచరితతో, కిలో గింజతో హైదరాబాద్ పోయాను.

వినీల ఆ రవ్వతో కలి పెట్టింది. మూడు రోజులకు అది పులవలేదు, కుళ్లింది. ఆమె మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది. తలెత్తి, "గింజలకు ఏమైనా మందు పెట్టారా అంకుల్?" అని అడిగింది.

చెప్పాను.

ఆమె మొహం చేతుల్లో పెట్టుకుంది. "గింజ బతికే ఉంది" అంది చివరికి. "నల్ల మచ్చలో ఉన్నది చచ్చిపోయింది. మొత్తం."

"ఓదవ్వ కుండ ఉన్నది కదా మేడం" అంది సుచరిత.

అక్కడి నుంచే ఫోన్ చేయించాం. పక్కింటివాళ్లు ఫోన్ పట్టుకుంటే ఓదవ్వ మాట్లాడింది. "పదినాళ్లయె బిడ్డా, గింజ లేకపాయె. కంట్రోలు దుకాణం మక్కలు ఏసి చూసిన. కలి చచ్చిపాయె. మురిగిన వాసన. మా అత్త కుండ బోర్లించిన." ఆమె ఏడుస్తోందని గొంతును బట్టి తెలిసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

గాజు పేగుకు పెట్టే పాత కలిలో కొంత తీసి వినీల ఈ రవ్వ వేసి చూసింది, అదీ మురిగింది; మిగిలింది ఆ వారంతో అయిపోయింది. అయిదుకు దిగిన మొగ్గలు మళ్లీ లేచాయి. తొమ్మిది. పధ్నాలుగు. పందొమ్మిది అయినప్పుడు ఆమె ఆ గొట్టాన్ని చలిపెట్టెలో పెట్టేసింది. "ఇందులో ఉంటే దీని రోజులు ఆగిపోతాయి. నిద్రపోతున్నట్టే. ఎప్పుడైనా మళ్లీ గింజ దొరికితే ఇక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు" అంది. ఎప్పుడైనా అనే మాటను ఆమె గట్టిగా అనలేదు.

ఊరికి తిరిగి వచ్చి దుకాణంలో గద్దె మీద కూలబడ్డాను. ఏడు ఊళ్లు తిరిగాను, ఆదిలాబాద్ గూడేల దాకా మనుషులను పంపాను. మందు తగలని ఎర్ర గింజ ఎక్కడా లేదు. ఉండనిచ్చినవాణ్ని కాదు కదా. సర్జన్ చెప్పిన నూట ఇరవై రోజుల్లో యాభై ఎనిమిదే మిగిలాయి.

సుచరిత వేబ్రిడ్జి గదిలోంచి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"బాపు, గోళీలు పెట్టేముందు మచ్చు తియ్యలేదా?"

మచ్చు. ఏ సరుకు గోదాం ఎక్కినా ముందు బస్తా మధ్యలోంచి ఒక గుప్పెడు తీసి, గుడ్డలో మూటకట్టి, దుకాణం ముందుగదిలో మేకుకు తగిలిస్తాను. సరుకు అమ్ముడుపోయేదాకా ఆ మూట అక్కడే ఉంటుంది. తీశానా లేదా అని ఆలోచించను కూడా, అంత అలవాటు. గోడ దగ్గరికి పరిగెత్తాను. ఇరవై మూటలు వేలాడుతున్నాయి. ఒకదాని మీద నా చేతిరాతే, "రాయిగూడెం, ఎర్ర."

ముడి విప్పుతుంటే నా వేలి మీదికి ఒక ముక్కపురుగు పాకింది.

ముప్పై రెండేళ్లలో పురుగును చూసి మొదటిసారి నా గుండె లేచింది. "పురుగున్నది బిడ్డా! బతికున్నది!" అని అరిచాను. పురుగు బతికిందంటే గ్యాస్ ఈ మూటను ముట్టలేదు.

సుచరిత ఇత్తడి పళ్లెంలో గింజలు పోసి లెక్కపెట్టింది. పురుగు తొలిచినవి తీసేస్తే అరవై రెండు.

*

మరునాడు వినీల హైదరాబాద్ నుంచి వచ్చింది. ఓదవ్వను ఆటోలో తెప్పించాను. నలుగురం ఆ పళ్లెం చుట్టూ కూర్చున్నాం.

"నల్ల మచ్చలో అది ఉందో లేదో చూడాలంటే నలభై గింజలు నూరాలి" అంది వినీల. "అంతకు తక్కువైతే కలి కుదరదు. ఈ గింజలు మూటలో నెల రోజులు ఎండకు, గాలికి ఉన్నాయి. బతికే ఉందని నేను చెప్పలేను."

"నూరితే ఏం మిగులుతది అమ్మా?" అంది ఓదవ్వ. "ఇరవై గింజల చేనా? దాంట్ల సగం పిట్టలే తింటయి. మొత్తం మన్నుల వెయ్యిండ్రి. నేను కావలుంట."

నేను లెక్క వేశాను. ఇంకెవరికీ చేతకాని పని, నాకు చేతనైన ఒకే పని. అరవై రెండు గింజలు విత్తితే కండె ఎండేసరికి తొంభై అయిదు రోజులు. కలి కుదరడానికి ఇంకో అయిదు. వంద. సర్జన్ ఇచ్చిన గడువులో మిగిలినవి యాభై ఏడు. నలభై మూడు రోజులు తక్కువ. పండినా నాలుగైదు కిలోలు, అదీ పందులు, పిట్టలు వదిలితే. ఆ పైన, నల్ల మచ్చలో జీవం ఉందో లేదో ఎవరికీ తెలియదు.

"ఆరు వారాలు ఆగితే ఏమైతది మేడం?" అని అడిగింది సుచరిత.

వినీల పళ్లెంలో ఒక గింజను పక్కకు జరిపింది. "ఏమీ కాకపోవచ్చు. ఒక్క మొగ్గ తిరగబడినా చాలు, అన్నీ అవ్వొచ్చు. నా తమ్ముడికి కూడా ఇదే జబ్బు సుచరితా. వాడు ఆగాడు. అందుకే నేను ఈ గాజులు పెంచుతున్నాను."

"నేను ఆగుత బాపు" అంది నా బిడ్డ. "నా ఒంట్లకెల్లి మూరెడు కాదు, మొత్తం పేగు తీసేస్తరట. మలం పడెటందుకు పొట్టకు సంచి కడుతరట. నేను ఆగుత. ఈ గింజల మీద నాకు నమ్మకమున్నది."

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నాకు వినబడుతుంది.

"మచ్చు చూడకుంట నేను ఒక్క బస్తా కొనలే బిడ్డా. ఇక్కడ మచ్చే సరుకు. చూస్తే సరుకు పోతది, చూడకుంటే నమ్మాలె. గింజలనైతే మన్నులకు నమ్మి వేస్త. నిన్ను వెయ్య. నువ్వు ఆపరేషన్‌కు పో."

"నా పేగు నాది."

"నీదే. నీ అమ్మ కూడా నాకు గట్లనే చెప్పింది. ఒక్క నెల ఆగుదామన్నది. ఆగినం."

సుచరిత లేచి వేబ్రిడ్జి గదిలోకి పోయి తలుపేసుకుంది. ఓదవ్వ పళ్లెంలోని గింజలను ఒకటొకటిగా కొంగులో వేసుకుంది. ఆ సాయంత్రం సుచరిత తలుపు తీసి, "ఎన్నడు పోవాలె?" అని మాత్రం అడిగింది.

*

ఆపరేషన్ పన్నెండు రోజులకు జరిగింది. మరో పది రోజులకు తీసిన పేగును పరీక్ష చేసిన కాగితం వచ్చింది. నూటనలభై మొగ్గలు. ఒక్కటీ తిరగబడలేదు.

"అంటే మంచిదే కదా సార్?" అన్నాను.

"చాలా మంచిది" అన్నాడు సర్జన్.

నేను వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఒక్కటీ తిరగబడలేదు. ఆగొచ్చేమో. ఆ కాగితం నాకు ఇచ్చిన సంతోషం, అందులోనే చుట్టి పెట్టిన శిక్ష, రెండూ ఒక్క బరువే ఉన్నాయి.

సుచరిత ఇంటికి వచ్చింది. నడుముకు సంచి. కొన్ని నెలల తరువాత చిన్నపేగును లోపలే కలుపుతారు, అప్పటిదాకా అంతే. మొదటిరోజు అద్దం ముందు నిలబడి, "నాకు కూడా బస్తా మోసే పని పడ్డది బాపు. హమాలీ ఎంతిస్తవ్?" అంది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

అరవై రెండు గింజల్లో యాభై మూడు మొలిచాయి. దుకాణం మూసి పొద్దంతా రాయిగూడెంలోనే ఉండేవాణ్ని. ఓదవ్వ మంచె మీద, నేను గట్టు మీద. చిలకలు వస్తే రేకుడబ్బా కొట్టేవాణ్ని. చేను చుట్టూ పాత చీరలు కట్టాం.

"చదువుకున్న సేటువు, గట్టు మీద కూసుంటివి" అని ఎకసెక్కం చేసేది ఓదవ్వ. "గప్పుడు రెండు బస్తాలు కొంటే ఏమైతుండెరా?"

"ఏమైతుండెనో నాకే తెల్వది అవ్వా."

"తెలుస్తది, తెలుస్తది. కండె ఎండనీ."

తొంభై ఆరో రోజున కోశాం. నలభై ఎనిమిది కండెలు. గింజ ఎర్రగా, మూతి దగ్గర నల్లమచ్చతో. కొత్త కుండలో ఓదవ్వ కలి పెట్టింది. నాలుగో రోజు మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. వయసు పైబడింది కదా, "నా ముక్కు పనిచేస్తలేదు సేటు. పులిసింది. ఆ వాసన ఉన్నదో లేదో నేను చెప్పలేను" అంది. నేను వాసన చూశాను. పచ్చి కొమ్మ విరిచినట్టు ఉందనిపించింది. ఉండాలనుకున్నాను కాబట్టి అనిపించిందేమో కూడా.

కలి, గట్క తీసుకుని హైదరాబాద్ పోయాను. వినీల చలిపెట్టెలోంచి ఆ గాజు గొట్టాన్ని తీసి వెచ్చబరిచింది. పొర కాసేపటికి కదిలింది. ముడుచుకుంది, విచ్చుకుంది. పందొమ్మిది మొగ్గలు.

మొదటి రోజు పందొమ్మిది. రెండో రోజు పందొమ్మిది. మూడో రోజు ఉదయం కూడా పందొమ్మిదే. వినీల మొహం వాడిపోయింది. నేను మాత్రం, చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన మాట, లోపల ఎక్కడో ఊపిరి పీల్చుకున్నాను. గింజ చచ్చిపోయి ఉంటే నేను చెప్పిందే సరైనట్టు. ఆగినా నా బిడ్డకు ఒరిగేదేమీ లేదన్నట్టు. లోకంలో ఈ జబ్బున్న పిల్లలందరూ బతకడం కంటే నాకు ఆ ఒక్క మాట ఎక్కువ కావాల్సి వచ్చింది, ఆ ఉదయం.

నాలుగో రోజు వినీల భూతద్దంలోంచి కళ్లు తీయలేదు. రెండుసార్లు లెక్కపెట్టింది. "మీరు చూడండి అంకుల్" అని పక్కకు జరిగింది. నేను వేలు పెట్టి లెక్కపెట్టాను. మూడుసార్లు.

అప్పుడే ఫోన్ మోగింది. సుచరిత.

"ఎన్ని, బాపు?"

పందొమ్మిదే అందామని నోటిదాకా వచ్చింది. నా బిడ్డ మళ్లీ ఎన్నడూ ఈ అంకె గురించి అడగదు, నిద్రపోతుంది, నేనూ నిద్రపోతాను. కానీ కాంటా ముందు నిలబడి నేను దానికి చిన్నప్పటి నుంచి నేర్పింది ఒకటే ఉంది.

"పదహారు" అన్నాను.

అవతల వేబ్రిడ్జి మీదికి లారీ ఎక్కుతున్న చప్పుడు. ఇనుప పలక కింద గడగడ. లారీ ఆగింది.

"అంటే ఆ అరవై రెండు గింజలు బతికే ఉన్నయి."

"ఉన్నయి బిడ్డా."

"ఆరు వారాలు."

"ఆరు వారాలు."

ఇంకా ఏమైనా అంటుందని నిలబడ్డాను. తిడుతుందని. తిట్టమని మనసులో అడిగాను కూడా.

"ఆనాడు ముల్లు ఎటు చూపిచ్చిందో నువ్వు గదే చదివినవ్" అంది. "కండెలు ఏడ పెట్టినవ్ బాపు?"

"ఇంట్లనే. బీరువల."

"అన్నీనా?"

కలికి, గట్కకు వాడినవి పోను మిగిలిన కండెలన్నీ, ఒక్క గింజ బయట ఉంచకుండా, తాళం వేసి వచ్చాను. నా చేతులు మళ్లీ అదే పని చేశాయి.

"సగం ఓదవ్వకియ్యి. మిగిలినయి ఊరికిద్దరికి చొప్పున పంచు, ఏడూర్లకు. నీ గోదాంకు ఒక్కటి పోవద్దు. మచ్చు నేను తీస్త" అంది. "ఫోన్ పెట్టెయ్యి, లారోడు ఒర్లుతున్నడు."

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. వినీల చెంచా నా చేతికి ఇచ్చింది. బల్ల మీద గాజులో గులాబీ పొర ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది, ఆకలైనట్టు. నా బిడ్డ పెద్దపేగులో లోకంలో మిగిలింది ఆ జానెడే. ఆ పూట దానికి గట్క నేనే పెట్టాను.